నువ్వు అని రాశాను

మార్చి 2, శనివారం

ఇవాళ అక్క నోట "మేము" ఏడుసార్లు. "మనం" రెండుసార్లు. ఆ రెండింట్లో ఒకటి బాత్రూమ్ బల్బు గురించి. మనం బల్బు మార్చాలే అంది. అంటే నేను మార్చాలని.

మనం అంటే అందులో నేనున్నాను. మేము అంటే నేను లేను. ఇంత చిన్న తేడా ఇంతగా కోస్తుందని బడిలో వ్యాకరణం చెప్పిన టీచరు చెప్పలేదు. మేము ఇవాళ ఈతలో పది లెంగ్తులు కొట్టాం. మేము పూల్ బయట కాఫీ తాగాం. మేము ఎంత నవ్వామో తెలుసా. తెలీదు. నాకెలా తెలుస్తుంది? నేను ఇంట్లో స్టూలెక్కి బల్బు మారుస్తున్నాను.

ఆ మేములో రెండో మనిషి కర్టెన్లావిడ. కర్టెన్ల షాపుంది ఆవిడకి. నిచ్చెనలెక్కి రాడ్లు బిగించీ బిగించీ భుజం పట్టేసి, ఎనిమిది నెలల కిందట అక్క పనిచేసే ఫిజియోథెరపీ సెంటర్‌కి వచ్చింది. ఈత కొడితే భుజం వదులవుతుందని అక్కే చెప్పింది. ఒక్కదాన్నే వెళ్ళాలంటే బెరుకుగా ఉంది అందట. అంతే, మా అక్క కూడా స్విమ్ సూట్ కొనుక్కుంది. మంగళవారం, శనివారం, పొద్దున్న ఆరింటికి. మూడు నెలల్లో భుజం బాగైంది. ఈత మాత్రం ఆగలేదు.

ఆవిడకి యాభై రెండు. అక్కకి ముప్పై ఆరు. ఏం మాట్లాడుకుంటారో ఏమో!

ఇది కౌన్సెలర్‌కి చూపించే చార్టు కాదు. దాంట్లో ఎమోషన్ పేరు రాసి పదికి ఎంతో నంబరు వెయ్యాలి. ఆ చార్టులో నేను మంచిదాన్ని. ఇక్కడ అంత ఓపిక లేదు.

మార్చి 3, ఆదివారం

అక్క రోజంతా ఇంట్లోనే ఉంది. నా తలకి నూనె రాసింది. మా అక్కలాంటి మనిషి భూమ్మీద లేదు. మేము సున్నా.

మార్చి 5, మంగళవారం

అక్క పూల్ నుంచి ఏడున్నరకి వస్తుంది. ఇవాళ ఎనిమిదీ పదికి వచ్చింది. నలభై నిమిషాలు.

మొదటి పది నిమిషాల్లో అక్క నీళ్ళలో మునిగిపోయింది. తర్వాతి పదిలో బస్సు గుద్దింది. నేను ఏడ్చాను కూడా. తర్వాతి పదిలో బతికే ఉంది, కానీ కాఫీ తాగుతోంది, ఆవిడతో. చివరి పదిలో ఆవిడ ఇంటికి మారిపోవడానికి ఒప్పేసుకుంది. తడి జుట్టుతో తలుపు తీసుకుని వచ్చేసరికి నేను అక్కని చంపేసి, ఏడ్చేసి, విడాకులు కూడా ఇచ్చేసి ఉన్నాను. ఏమైందే అంది. ఏం లేదు అన్నాను. ఈ "ఏం లేదు"ని నేను ఎంత పదును పెట్టానంటే దాంతో ఉల్లిపాయలు తరగొచ్చు.

ల్యాబ్‌లో కూడా అదే మొహం. నా పని పళ్ళు చెయ్యడం. డెంటిస్టులు అచ్చులు పంపిస్తారు. వాటికి సరిపోయే తొడుగులు చేసి పంపిస్తాం. పోర్సిలిన్ పొడి తడిపి, సన్నటి బ్రష్‌తో పొర మీద పొర వేసి, ఫర్నేస్‌లో కాల్చి, నూరి, మెరుగు పెట్టాలి. రోజంతా పళ్ళు నూరే ఉద్యోగం. ఇంటికెళ్ళాక చేసేదీ అదే కాబట్టి ప్రాక్టీసు పోదు.

పక్క బెంచీలో సైలెన్సర్ ఉంటాడు. ప్లాస్టర్ మోడల్స్ పోస్తాడు. నోరు ఒక్క క్షణం మూతపడదు కాబట్టి ఆ పేరు. మొహం మాడ్చుకుంటే మాడ్చుకున్నావు గానీ ఆ పన్నుని అలా నూరకు తల్లీ, అది నీకేం అన్యాయం చేసింది అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వానని కోపమొచ్చింది.

మార్చి 7, గురువారం

కౌన్సెలింగ్. ఏడాది కిందట ఈవిడ నా జబ్బు పేరు చెప్పినప్పుడు, బోర్డర్‌లైన్ అంటే పాస్ మార్కులకి ఒకటి తక్కువ వచ్చినట్టు అనుకున్నాను. ఎవరైనా దయతలిచి ఒక మార్కు కలిపితే గట్టెక్కుతానని. అలా కాదట. నాకు మనుషుల విషయంలో చర్మం పలచగా ఉందట. అందరికీ గీసుకుపోయేది నాకు తెగిపోతుందట.

ఇవాళ ఇంకో మాట అంది. నువ్వు పళ్ళలో పదహారు తెలుపులు గుర్తుపడతావు కదా, మనుషుల్లో మాత్రం రెండే రంగులెందుకు చూస్తావు అంది. ఈ డైలాగ్ ముందే రాసిపెట్టుకుందేమో. బాగానే ఉంది. అందుకే ఒళ్ళు మండింది.

అక్క గురించి అడిగింది. అమ్మ పోయినప్పుడు నాకు పదకొండు, అక్కకి పద్దెనిమిది అని చెప్పాను. నాన్న అంతకుముందే వేరే కాపురం పెట్టాడని చెప్పాను. ఇవన్నీ ఆవిడకి తెలుసు. కర్టెన్లావిడ సంగతి మాత్రం చెప్పలేదు. చెప్తే దానికో నంబరు వెయ్యమంటుంది.

మార్చి 9, శనివారం

బాల్కనీలో ఫోన్. గ్లాసు తలుపు వేసుకుంది. దుమ్మొస్తుందట! నవ్వుకి దుమ్మేంటి? మాటలు వినిపించలేదు. నవ్వు మాత్రం అద్దంలోంచి కూడా వచ్చింది. నాతో అలా నవ్వదు. నాతో జాగ్రత్తగా నవ్వుతుంది, పక్క గదిలో పసిపిల్ల పడుకున్నట్టు.

లోపలికి వచ్చి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. చెయ్యి పట్టుకుందంటేనే అనుకున్నాను. నెలాఖరు శని, ఆదివారాలు సముద్రం దగ్గరికి వెళ్తారట. పూల్‌లో ఈత కొట్టేవాళ్ళు సముద్రంలో కూడా కొట్టి చూడాలట. నువ్వూ రావే అంది.

నాకు ఈత రాదు. ఆ సంగతి తనకి తెలుసు. ఈత రానిదాన్ని సముద్రానికి రమ్మంటే దాని అర్థమేంటి?

వెళ్ళు, నీ ఇష్టం, నేనెవర్ని చెప్పడానికి అన్నాను. అక్క మొహం చిన్నబోయింది. బాగా అయింది అనుకున్నాను. పది నిమిషాలకి బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

ఇలా మొదలయ్యే కథలన్నీ నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందట అక్క సెంటర్‌లో ఎక్స్‌రే అతను ఉండేవాడు. మంచివాడే. రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండోసారి వచ్చి వెళ్ళాక నేను మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు అక్క అతనికి ఫోన్ చేసి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. అతను మళ్ళీ రాలేదు. ఆ రాత్రి ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

మార్చి 12, మంగళవారం, ఉదయం 7:50

చేశాను.

అక్క పూల్ నుంచి వచ్చి స్నానానికి వెళ్ళింది. ఫోన్ టేబుల్ మీద ఉంది. దాని లాక్ నంబరు నా పుట్టినరోజు. అక్క నా మీద పెట్టుకున్న ప్రేమతోనే తాళం తీశాను, అలా రాస్తే ఎంత దరిద్రంగా ఉందో.

ఆవిడతో చాట్ మొత్తం వాయిస్ మెసేజులే. ఇద్దరివీ చేతులు ఖాళీ ఉండని పనులు కదా. వరసగా మైకు బొమ్మలు, అటొకటి ఇటొకటి. వినే ధైర్యం లేదు. అందులో నవ్వుంటుంది. నా గురించి కూడా ఉంటుంది.

టైప్ చేశాను.

"నువ్వు ఇంక నాకు ఫోన్ చెయ్యకు. పూల్‌కి రాను, సముద్రానికీ రాను. నువ్వు మరీ అతుక్కుపోతున్నావు. నాకు ఊపిరాడట్లేదు. నాకు మా చెల్లి చాలు."

చివరి వాక్యం తప్ప మిగతాదేదీ నా సొంతం కాదు. నాకు ముగ్గురు చెప్పిన మాటలే. కాలేజీలో ఒకరు, పాత రూమ్మేటు, ఇంకొకడు. బట్టీ వచ్చేశాయి. వెతుక్కోకుండా వచ్చాయి.

పంపాను. అక్క ఫోన్లో కనపడకుండా డిలీట్ చేశాను. నంబరు బ్లాక్ చేద్దామనుకునేలోపు షవర్ ఆగింది.

9:40, ల్యాబ్

చేతులు ఎంత తేలిగ్గా ఉన్నాయో. పొద్దున్నుంచి రెండు పళ్ళు మెరుగు పెట్టాను. అచ్చు దేవుడు చేసినట్టున్నాయి.

మార్చి 13, బుధవారం

ఆవిడ ఫోన్ చెయ్యలేదు. ఆవిడకి అక్క చేసింది. ఎత్తలేదు.

మార్చి 16, శనివారం

అక్క పూల్‌కి వెళ్ళి ముప్పావుగంటలో తిరిగొచ్చింది. ఆవిడ రాలేదట. నాలుగు రోజుల్నించీ ఫోన్ ఎత్తట్లేదట. ఒంట్లో బాగాలేదేమో అంది. కాసేపాగి, నేనేమైనా అన్నానేమోనే అంది. మొన్న భుజం ఒకసారి చూడమంటే చూసి, ఇంకా బరువులెత్తుతున్నారా అని కసిరిందట. కాస్త గట్టిగా నొక్కిందట కూడా. అందుకు కోపమొచ్చిందేమో అంటుంది. తడి జుట్టు తుడుచుకోకుండా సోఫా అంచున కూర్చుని, ఎనిమిది నెలల్లో తను చేసిన తప్పులన్నీ ఏరుతోంది.

నేను టవల్ తెచ్చి తల తుడిచాను. చిన్నప్పుడు నాకు తను తుడిచినట్టే. పోనీలే అక్కా, కొంతమంది అంతే, అవసరం తీరాక మొహం చాటేస్తారు అన్నాను. నోట్లో వేలుపెడితే కొరకలేనిదానిలా.

రోజంతా ఇద్దరమే. సినిమా పెట్టుకున్నాం. సూప్ చేసుకున్నాం. మనం పద్నాలుగు! లెక్క మొదలుపెట్టాక ఇదే రికార్డు. అక్క తెర వంక చూస్తూ ఫోన్ తిప్పి తిప్పి చూసుకుంటోంది. నేను అడిగినవాటికి జవాబు చెప్పింది. నవ్వాల్సిన చోట నవ్వింది. కోరుకున్నది దొరికాక ఇలా ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకోటి. నిన్న ఒక టీచరుకి చేసిన ముందు పన్ను వెనక్కొచ్చింది. ఏ-టూ షేడ్ అడిగితే నేను ఒక మెట్టు ముదురు, ఏ-త్రీ వేశానట. పక్కపళ్ళ మధ్య టీ మరకలా ఉందని డెంటిస్టు రాశాడు. ఆరేళ్ళలో నా షేడ్ తప్పడం మొదటిసారి. సైలెన్సర్ కూడా ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం చూసి భయమేసింది.

మార్చి 18, సోమవారం

ఆవిడ ల్యాబ్‌కి వచ్చింది.

నీ కోసం ఎవరో వచ్చారు, మెడలో టేపుంది, కొలతలు తీసుకుంటుందేమో అన్నాడు సైలెన్సర్. మెడలో టేపు అనగానే తెలిసిపోయింది. గుమ్మడికాయల దొంగ అనకుండానే భుజాలు తడుముకున్నాను.

ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉంది. అనుకున్నదానికంటే పొట్టి. ఒళ్ళో శాంపిల్ గుడ్డల పుస్తకం. పక్కన అల్మారా నిండా మా ప్లాస్టర్ దవడలు. ఇన్ని పళ్ళున్నాయి, ఒక్కటీ నవ్వట్లేదేంటమ్మా అంది. నేను నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

ఫోన్ తీసి ఆ మెసేజ్ చూపించింది. ఇది నువ్వే రాశావు కదా అంది. నేను కాదన్నాను. ఎలా అనగలిగానో నాకే తెలీదు. ఎవరు చెప్పారు మీకు అని ఎదురడిగాను పైగా.

అప్పుడు చెప్పింది. మీ అక్క నన్ను ఏనాడూ నువ్వు అనలేదమ్మా అంది.

ఎనిమిది నెలలు. వారానికి రెండుసార్లు ఈత, మధ్యలో రోజూ కబుర్లు. అన్నీ మీరు, అండీ. ఆవిడే అడిగిందట, పెద్దదాన్నని మొహమాటమా, నువ్వు అనొచ్చు కదా అని. ఒకసారి కాదు, పదిసార్లు. అక్క నవ్వి ఊరుకునేదట. ఓసారి గట్టిగా పట్టుపడితే, నువ్వు అంటే దగ్గరైపోతామండీ, దగ్గరైతే మా ఇంట్లో మా చెల్లి తట్టుకోలేదు, ఇలా మీరు అనుకుంటూ ఉంటే అంత దగ్గర కాలేదని నాకే అనిపిస్తుంది, ఇంటికెళ్ళాక దాని మొహం చూడగలుగుతాను అందట.

మెసేజ్ వచ్చినప్పుడు ఆవిడ నిచ్చెన మీద ఉందట. మొదటి పదం నువ్వు అని కనిపించిందట. ఒక్క క్షణం ఎంత సంతోషపడ్డానో తెలుసా, హమ్మయ్య, అందిరా చివరికి అనుకున్నాను అంది. తర్వాత మిగతాది చదివాను అంది.



సిగ్గు లేకుండా రాస్తున్నాను. నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు. ఆనందం. నువ్వు నేనొక్కదాన్నే! అక్కకి ఈ ప్రపంచంలో నువ్వు అనడానికి నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఈవిడెంత నవ్వించినా మీరు దగ్గరే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ లేనిదాని మీద కుళ్ళిపోయాను, వాళ్ళు నేననుకున్నంత దగ్గర కారు. కారు కాబట్టే దొరికిపోయాను. వాళ్ళ స్నేహాన్ని వాళ్ళకంటే నేనే ఎక్కువ చేసి రాశాను.

ఆ ఆనందం ఎంతసేపుందో చెప్పలేను. ఆవిడ ఫోన్ సంచిలో పెట్టుకునేంత సేపు. తర్వాత ఎక్స్‌రే అతను గుర్తొచ్చాడు. మా ఇంటికి ఎవరూ రాకపోవడం గుర్తొచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఒక స్నేహితురాలిని నువ్వు అనడానికి భయపడుతోంది, నాకు.

నీ చెంప పగలగొట్టాలనే వచ్చాను, మెట్లెక్కుతుంటే భుజం గుర్తొచ్చి ఆగాను అంది ఆవిడ. జోకో కాదో తెలీలేదు. కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు అబద్ధం చెప్పడం రాదు, మీ అక్క ఫోన్ ఎత్తితే చెప్పేస్తాను, అందుకే ఎత్తట్లేదు, నేను చెప్తే నీకు ఇంక దారుండదు, నువ్వే చెప్పుకో అంది. శనివారం ఆరింటికి పూల్ దగ్గర ఉంటుందట.

వెళ్తూ వెళ్తూ ముందుగదిలో కిటికీ కర్టెన్ చూసి, ఇది ఎవరు కుట్టారు, ఒక పక్క రెండంగుళాలు పొడుగు అంది.

ఎందుకు అంత మంచిగా ఉండాలి ఆవిడ? అసహ్యించుకోవడానికి కూడా వీల్లేకుండా.

మార్చి 19, మంగళవారం

అక్క ఈతకి వెళ్ళలేదు. నేను చెప్పలేదు.

మార్చి 20, బుధవారం

చెప్పలేదు.

మార్చి 21, గురువారం

కౌన్సెలింగ్‌లో చార్టు ఇచ్చాను. "సంతోషం, 7" అని రాసుంది. కౌన్సెలర్ దాన్ని నా వైపు తిప్పి పెట్టింది. ఇది ఎవరి చార్టు అంది. అప్పుడు చెప్పేశాను, మొత్తం. తిడుతుందనుకున్నాను. అక్కతో ఎప్పుడు చెప్తావు అని మాత్రం అడిగింది. చెప్తే వదిలేసి వెళ్ళిపోతుంది అన్నాను. వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు, అది మీ అక్క నిర్ణయం, ఆవిడ బదులు నువ్వు ఇప్పటికే ఒకసారి నిర్ణయించావు కదా అంది.

ఇలాంటివి చెప్పడానికి చదువుకోవాలా!

మార్చి 22, శుక్రవారం, సాయంత్రం 7:15

చెప్పాను.

అక్క టవళ్ళు మడతపెడుతోంది. ఈత టవల్ కూడా ఉంది అందులో, వారం నుంచి వాడనిది. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, ఆ మెసేజ్ నేనే పంపాను అక్కా అన్నాను. ఏ మెసేజ్ అంది. తనకి మెసేజ్ ఉందని కూడా తెలీదు కదా. అంతా మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది.

ఏం రాశావో మాట మాట చెప్పమంది. చెప్పాను. అతుక్కుపోతున్నావు అన్నచోట, ఇది నీకెవరు చెప్పారే అంది. నాకు మా చెల్లి చాలు అన్నచోట కళ్ళు మూసుకుంది. ఆవిడ ల్యాబ్‌కి వచ్చిందని, ఆ "మీరు" సంగతి చెప్పిందని కూడా చెప్పాను. ఏదీ దాచలేదు. నాకు ఆనందమేసిన సంగతి ఒక్కటీ దాచాను.

అక్క అరవలేదు. అరిస్తే బాగుండేది. అరుపు నాకు వచ్చు, దానికి ఏం చెయ్యాలో తెలుసు. లేచి టవళ్ళు అల్మారాలో పెట్టింది. తలుపు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా, మీరు తినేసి పడుకోండి, నా కోసం చూడకండి అంది.

మీరు. నన్ను.

తను గది తలుపు వేసుకుంది. నా దగ్గర ఒక మాట ఉంది. చచ్చిపోతాను అనే మాట. ఆ మాటకి అక్క ఎప్పుడూ ఆగింది. ఎక్స్‌రే అతని రోజుల్లో రెండుసార్లు వాడాను. ఇవాళ ఆ తలుపు దగ్గర నిలబడితే నాలుక చివరిదాకా వచ్చింది. అంటే తలుపు తీస్తుంది. తీసి నన్ను పట్టుకుంటుంది. రేపు పూల్‌కి వెళ్ళదు.

అనలేదు. వాష్‌బేసిన్ నిండా చల్లటి నీళ్ళు పట్టి, కౌన్సెలర్ నేర్పినట్టు మొహం ముంచి ముప్పై లెక్కపెట్టాను. మూడుసార్లు. మొహం మీద తప్ప ఇంకెక్కడా తగ్గలేదు. కానీ అనలేదు.

మార్చి 23, శనివారం

5:40. అక్క వెళ్ళింది. చెప్పకుండా.

7:30. ఏడున్నర.

8:10. ఫోన్ చెయ్యలేదు. ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టాను.

9:30. డబ్బాలోంచి తీసి, మళ్ళీ పెట్టాను.

11:05. వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, పూల్ నీళ్ళకో ఇంకదేనికో. బియ్యం డబ్బా తీసి, అందులో నా ఫోన్ చూసి, ఫ్రీగా ఉంటే బియ్యం ఏరండి అంది. నవ్వకుండా.

మార్చి 25, సోమవారం

ఇంట్లో నాకు మర్యాద మొదలైంది. లేచారా, తాళం తీసుకెళ్తారా, మీకు ఉత్తరం వచ్చింది. కసిరినట్టు కూడా అనదు. బ్యాంకు కౌంటర్లో మనిషిలా అంటుంది. ఒక్కో మీరుకీ ఒక్కో అడుగు వెనక్కి జరిగినట్టుంది. ఈ దూరంలోనే ఆవిడ ఎనిమిది నెలలు నిలబడిందా? నవ్వుతూ?

ల్యాబ్‌లో ఆగలేక సైలెన్సర్‌తో చెప్పాను, మా అక్క నన్ను మీరు అంటోంది అని. మా ఆవిడ నన్ను ఎప్పుడూ మీరే అంటుంది, నువ్వు అందంటే ఆ రోజు నాకు మూడిందన్నమాట, మీ ఇంట్లో వ్యవహారం తిరగేసి ఉందే అన్నాడు. నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. వాడు ప్లాస్టర్ చేతులతో ఏం చెయ్యాలో తెలీక నాకు ఒక దవడ ఇచ్చాడు, పట్టుకో అని.

టీచరు పన్ను మళ్ళీ చేశాను. ఏ-టూ. కిటికీ దగ్గర పగటి వెలుతురులో నాలుగుసార్లు చూసి పంపాను.

మార్చి 26, మంగళవారం

ఈతకి వెళ్ళింది. ఏడున్నరకి రాలేదు. ఎనిమిదికి వచ్చింది. ఏం లేదు అనలేదు నేను, ఎందుకంటే ఏమైందని తను అడగలేదు.

మార్చి 27, బుధవారం

నేను బ్రెడ్ కాలుస్తుంటే వచ్చి స్టూల్ మీద కూర్చుంది. మాడ్చేస్తున్నావే అంది.

వే! తిరిగి చూడలేదు. చూస్తే మళ్ళీ మీరు అంటుందేమోనని భయం.

చాలా చెప్పింది. అన్నీ రాయలేను. నీ మీద కోపం పోలేదు అంది. ఎప్పుడు పోతుందో తెలీదు అంది. సగం తప్పు నాది కూడా, నువ్వు ఏడుస్తావని ఒక్కొక్కరినీ పంపించేశాను, ఆఖరికి ఈవిడని గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడినట్టు మాట్లాడాను, దానివల్ల నీకు ఒరిగిందేంటి, నువ్వేమైనా బాగుపడ్డావా అంది. లేదన్నాను. నేను బాగుపడ్డానా అంది.

నిన్ను వదిలిపెట్టను అంది. నిన్ను ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోను కూడా అంది. రెండూ విను, ఒకటి విని ఇంకోటి వదిలెయ్యకు అని నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నేను మొదటిది విని రెండోది వదిలేస్తానని తనకి తెలుసు. లేదా రెండోది విని మొదటిది. నాకు రెండు కలిపి ఒకేసారి పట్టవు.

శనివారం సముద్రానికి వెళ్తున్నారు. ఫోన్ లాక్ నంబరు మార్చానని చెప్పింది. ఏం పెట్టావు అని అడగబోయి ఆగాను. మాడిన బ్రెడ్ ఇద్దరం తిన్నాం.

మార్చి 30, శనివారం

వెళ్ళారు. కింద ఆటోలో ఆవిడ కూర్చుని ఉంది. పై నుంచి చూశాను. చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. తర్వాత ఊపాను, ఆటో మలుపు తిరిగాక.

ఇల్లు ఖాళీ. నా లోపల ఉండే ఖాళీ బయటికొచ్చి సోఫాలో కూర్చున్నట్టుంది. కనీసం కనిపిస్తోంది. నంబరు 9. పేరు, అసూయ. చార్టులో కూడా ఇదే రాశాను.

మార్చి 31, ఆదివారం

అక్క ఫొటో పంపింది. అలల్లో రెండు తలలు, రెండు టోపీలు. ఎవరు ఎవరో తెలీట్లేదు. జూమ్ చేసి చూశాను. ఇరవైసార్లు చూశాను. బాగుంది అని రాసి పంపాను. బాగోలేదు.

ఏప్రిల్ 7, ఆదివారం, మధ్యాహ్నం 2:10

అక్క ముందుగదిలో ఫోన్ మాట్లాడుతోంది. నువ్వు తిన్నావా అని అడుగుతోంది.

నన్ను కాదు.

నేను తిన్నాను.